తీరిక ఉన్న రేడియో

బీబీసీ రేడియో 4లో 1998 అక్టోబరులో మొదలైన 'ఇన్ అవర్ టైమ్' కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్‌గా వినేవారికి, రేడియో శ్రోతలకు అందని కొన్ని నిమిషాలు అదనంగా దొరుకుతాయి. ముగ్గురు ఆచార్యులతో ముప్పావు గంట సాగిన చర్చ ప్రసారంలో ముగిసిపోయినా రికార్డింగు ఆగదు. ఇంతసేపూ చెప్పకుండా వదిలేసింది ఏమిటని వ్యాఖ్యాత అడుగుతారు. అతిథులు కాస్త ఊపిరి పీల్చుకుని, ఒకరితో ఒకరు విభేదిస్తూ, మిగిలిపోయినవన్నీ ఏకరువు పెడతారు. చివరికి నిర్మాత లోపలికి వచ్చి టీయా కాఫీయా అని అడగడంతో ఆ ముచ్చట ముగుస్తుంది. కొత్త సంగతులు తెలుసుకోవాలన్న కుతూహలంతో పాడ్‌కాస్ట్‌లు వెతుక్కునే తెలుగు శ్రోతకు ఏవి వినమని సూచించాలన్నా నేను ఈ కొద్ది నిమిషాలనే కొలబద్దగా తీసుకుంటాను. తాను ఏం చెప్పలేకపోయిందో ఎరిగిన కార్యక్రమాన్ని నమ్మవచ్చు.

ఈ కొలతకు నిలిచేవి ఎక్కువగా ప్రజా ప్రసార సంస్థల నుంచి రావడానికి కారణం డబ్బు వచ్చే తీరులోనే ఉంది. ప్రకటనల మీదే బతికే కార్యక్రమం, వచ్చే వారం ఎంతమంది వింటారో లెక్క వేసుకున్నాకే విషయాన్ని ఎంచుకోవాలి. బ్రిటన్‌లోని కుటుంబాలు కట్టే లైసెన్సు రుసుముతో నడిచే కార్యక్రమానికి ఆ తొందర తక్కువ. కనుకనే 'ఇన్ అవర్ టైమ్' 2004లో సున్నా గురించి, 2006లో భారతీయ గణితం గురించి, 2015లో అశోకుడి గురించి, ఎవరూ అడగకుండానే చర్చ పెట్టగలిగింది. (ఆ రుసుము కట్టని మనకు వచ్చేసరికి బీబీసీ పాడ్‌కాస్ట్‌ల మధ్యలో ప్రకటనలు దూరుతాయి. అందులో అన్యాయమేమీ లేదు.) అదే రేడియో 4లో చరిత్రకారుడు సునీల్ ఖిల్నానీ యాభై మంది భారతీయుల జీవితాలను పావుగంట చొప్పున చెప్పిన వరుసలో శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నాడు. ఆముక్తమాల్యదలోని రాజనీతి పద్యాలు చదివినవారికి ఆ పావుగంట ఏ మూలకూ చాలదు. అయినా, రాయల పేరే వినని శ్రోతకు ఒక కవిరాజును ఎక్కడ నుంచి మొదలుపెట్టి పరిచయం చేయాలన్న మెలకువ కోసమైనా దాన్ని వినవచ్చు.

అయితే ఒక్కటే వినడానికి తీరిక ఉందనేవారికి, ముఖ్యంగా పాత్రికేయ విద్యార్థులకు, నేను చెప్పేది 2001 నుంచి వస్తున్న 'మోర్ ఆర్ లెస్'. ఆర్థిక రచయిత టిమ్ హార్‌ఫర్డ్ చాలా ఏళ్లుగా నడుపుతున్న ఈ కార్యక్రమం పని ఒక్కటే: వార్తల్లో, రాజకీయ ప్రసంగాల్లో తిరుగుతున్న ఒక అంకెను పట్టుకుని అది ఎక్కడ పుట్టిందో, దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందో వెతకడం. అంకె తప్పని తేలిన సందర్భాల కంటే, అంకె ఒప్పే అయినా దాని నుంచి తీసిన అర్థం తప్పని తేలిన సందర్భాలే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. ఇది నిజంగా పెద్ద సంఖ్యేనా అని ఆ బృందం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నను, బడ్జెట్ మర్నాడు మన పత్రికల మొదటి పేజీలో బారులు తీరే వేల కోట్ల పక్కన పెట్టి చూడండి. ఆ మొత్తాన్ని జనాభాతోనో, ఏడాదులతోనో భాగించి చూపిన వార్త ఎంత అరుదో అప్పుడు అర్థమవుతుంది.

అమెరికాలో కథ వేరు. అక్కడ లైసెన్సు రుసుము లేదు. శ్రోతల చందాలు, ఫౌండేషన్ల విరాళాలు, కంపెనీల స్పాన్సర్‌షిప్, 1967 చట్టం మేరకు ఏర్పడిన ఒక కార్పొరేషన్ ద్వారా వచ్చే ఫెడరల్ నిధులు కలిసి ప్రజా రేడియోను నడిపించాయి. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ ఆ కార్పొరేషన్‌కు కేటాయించిన, రెండేళ్లకు చెందిన దాదాపు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆ మరుసటి నెలలోనే ఆ కార్పొరేషన్ తన పని చాలిస్తున్నట్టు ప్రకటించింది. దేశమంతటా ఉన్న ప్రజా రేడియో స్టేషన్లకు కార్యక్రమాలు అందించే సంస్థ ఎన్‌పీఆర్‌కు నేరుగా అందే ఫెడరల్ సొమ్ము దాని ఆదాయంలో ఒక శాతం దరిదాపుల్లోనే ఉండేది కాబట్టి, మనం ఇక్కడ వినే పేరున్న పాడ్‌కాస్ట్‌ల కంటే, మనం ఎన్నడూ వినని చిన్న ఊళ్ల స్టేషన్లకే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఎన్‌పీఆర్ వాటిలో ముందుగా వినవలసింది 'ప్లానెట్ మనీ'. 2008 మే నెలలో, అంటే లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలడానికి నాలుగు నెలల ముందు, 'దిస్ అమెరికన్ లైఫ్' అనే ప్రజా రేడియో కార్యక్రమం గృహ రుణాల సంక్షోభాన్ని గంటసేపు విడమరచి చెప్పింది. ఆ ఎపిసోడ్‌కు వచ్చిన ఆదరణ నుంచే ఈ కార్యక్రమం పుట్టింది. 2013లో వీరు శ్రోతల నుంచి ముందుగా డబ్బు సేకరించి ఒక టీషర్టు తయారు చేయించారు. మిసిసిపీలో పండిన పత్తి ఇండొనేసియాలో నూలుగా మారడం, బంగ్లాదేశ్, కొలంబియాల్లో చొక్కాగా కుట్టించుకోవడం వరకు వెంటపడి కథలు చెప్పారు. ఆదిలాబాద్‌లోనో గుంటూరులోనో చేతులతో పత్తి తీసే ఆడకూలీలను చూస్తూ పెరిగినవారికి, యంత్రాలతో సాగే మిసిసిపీ కోత మరింత భిన్నంగా వినిపిస్తుంది.

న్యూయార్క్‌లోని ప్రజా రేడియో స్టేషన్ డబ్ల్యూఎన్‌వైసీ నుంచి 2002లో మొదలైన 'రేడియోల్యాబ్' విషయంలో నాకు కొంత సంకోచం ఉంది. దాని శబ్ద సంయోజనకు సాటి రావడం కష్టమే. కానీ శాస్త్రజ్ఞులే తేల్చుకోని ప్రశ్న దగ్గర సంగీతం పొంగినప్పుడు, సందేహం సందేహంగా మిగలకుండా అనుభూతిగా మారిపోతుంది. వినండి, అయితే మొదట ఇది వద్దు.

పేరును బట్టి ఏది ప్రజా రేడియోనో పోల్చుకోవడమూ ఇప్పుడు కష్టమే. బెంగళూరులో పుట్టిన శంకర్ వేదాంతం ఎన్‌పీఆర్‌లో మొదలుపెట్టిన 'హిడెన్ బ్రెయిన్' 2020లో స్వతంత్రమైంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రజా రేడియో నీడలో పెరిగిన '99 పర్సెంట్ ఇన్విజిబుల్'ను 2021లో సిరియస్ ఎక్స్‌ఎం అనే ప్రైవేటు రేడియో కంపెనీ కొనుక్కుంది. రెండూ ఇప్పటికీ వినదగినవే.

ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయన్నది అసలు ఇబ్బంది. మన ప్రజా రేడియోకు ఇలాంటి తీరిక లేకపోలేదు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణ, భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు కాచుకుని కూర్చునేవి. ఆ రికార్డింగులు నేడు చాలావరకు అభిమానుల పుణ్యాన యూట్యూబులో చెల్లాచెదురుగా, ప్రసార తేదీ కూడా లేకుండా తిరుగుతున్నాయి. ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేని దేశంలో, మాటల రేడియో బరువంతా ఆకాశవాణి మీదే పడుతుంది. ఉన్న నిధిని వరుస సంఖ్య వేసి, వివరాలు రాసి అందించడమైనా అది చేయవలసిన పని.

ఉచ్చారణ అందక మధ్యలో మానేసేవారికి ఒక మాట. ఎన్‌పీఆర్, 'దిస్ అమెరికన్ లైఫ్' తమ ఎపిసోడ్‌ల పూర్తి పాఠాన్ని వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడతాయి. మొదటిసారి చదువుతూ వినండి, రెండోసారి కాగితం పక్కన పెట్టండి. 'ఇన్ అవర్ టైమ్'లో మాత్రం మీకు ఏ మాత్రం పరిచయం లేని విషయంతోనే మొదలుపెట్టండి. తొలి ఏళ్ల ఎపిసోడ్‌లలో ఆ అదనపు నిమిషాలు ఉండవు కనుక కొత్తవాటి నుంచి వెనక్కి రండి.