సైన్సు కరిక్యులం కొనేముందు ఒక్క ప్రయోగం చేసి చూడండి

అమెరికాలో ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న మన కుటుంబాల్లో లెక్కల పుస్తకం ఎంపిక త్వరగానే తేలిపోతుంది. ఆరో గ్రేడు సైన్సు దగ్గరే చిక్కొస్తుంది. నాలుగు కరిక్యులంల విషయసూచికలు పక్కపక్కన పెట్టుకుని, ఎందులో అధ్యాయాలు ఎక్కువుంటే అది కొనేస్తుంటారు. ఈ పద్ధతి మానాలని మా గట్టి అభిప్రాయం. ఏ గ్రేడులో సైన్సు ఏం నేర్పాలో చెప్పే, 2013లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌ను అమెరికాలో చాలా రాష్ట్రాలు ఉన్నదున్నట్టుగానో, కొద్ది మార్పులతోనో తీసుకున్నాయి. టెక్సస్, ఫ్లోరిడా, వర్జీనియా వంటివి సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఎవరిది చూసినా ఆరు నుంచి ఎనిమిది దాకా, అంటే మిడిల్ స్కూల్లో, ఉండేవి దాదాపు అవే: జీవకణం, ఆవరణ వ్యవస్థ, పరమాణువు, బలం, శక్తి, వాతావరణం, భూమి, సౌర కుటుంబం. కాబట్టి విషయసూచిక చూసి తేల్చుకోగలిగేది చాలా తక్కువ. తేడా అంతా పాఠం లోపల ఉంటుంది. అది తెలియాలంటే నమూనా పాఠం ఒకటి తెచ్చుకుని, డబ్బు కట్టకముందే అందులో ప్రయోగాన్ని చేతులారా చేసి చూడాలి.

ఏ పాఠం అంటే, ద్రవ్యనిత్యత్వ నియమం, అంటే రసాయన చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశి మారదన్నది. ఇది లేని మిడిల్ స్కూల్ కరిక్యులం ఉండదు, సామాను ఇంట్లోనే దొరుకుతుంది, పైగా పుస్తకం రాసినవాళ్లు ఆ ప్రయోగం నిజంగా చేశారో లేదో ఇట్టే బయటపడుతుంది. తరచుగా కనిపించే పద్ధతి ఇది: జిప్ సంచిలో 100 మి.లీ. వెనిగర్ పోసి, 5 గ్రాముల బేకింగ్ సోడా వేసి, మూసి, ముందూ తర్వాతా తూచమంటారు. బరువు మారదు అని పక్కనే రాసి ఉంటుంది. తూచి చూస్తే మారుతుంది. 5 గ్రాముల సోడా నుంచి దాదాపు 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చిన్న సంచి అయితే పగిలిపోతుంది. గాలన్ సంచి అయితే ఉబ్బి, తనచుట్టూ ఉన్న గాలిని అంతమేరకు పక్కకు నెడుతుంది. లీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 గ్రాములు కాబట్టి, ఆ గాలి సంచిని పైకి లేపే బలం వల్ల త్రాసు గ్రామున్నర పైగా తక్కువ చూపిస్తుంది. సంచి ఎక్కడా కారలేదు, పదార్థం ఎక్కడికీ పోలేదు. అయినా అంకె తగ్గింది. ద్రవ్యరాశి తగ్గిందని రాసుకున్న పిల్లవాడు నిజాయితీగానే రాసుకున్నట్టు. పుస్తకం మాత్రం వాడిదే తప్పంటుంది.

దీన్ని సరిగా చేయాలంటే ఉబ్బని పాత్ర కావాలి. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింక్ వచ్చే ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. గాజుది వద్దే వద్దు. అందులో 100 మి.లీ. వెనిగర్ పోయాలి. 2 గ్రాముల సోడాను టిష్యూ కాగితంలో పొట్లం కట్టి, మూతతో కలిపి అన్నీ ఒకేసారి తూచాలి. పొట్లం లోపల పడేసి వెంటనే మూత బిగించాలి. టిష్యూ తడిసేలోపు రెండు మూడు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. నురుగు ఆగాక తూస్తే అంకె మారదు. తర్వాత మూత నెమ్మదిగా వదులు చేసి, గ్యాస్ పోనిచ్చి మళ్లీ తూస్తే అర గ్రాముకు పైగా తగ్గుతుంది. కంటికి కళ్లద్దాలు తప్పనిసరి. సోడా 2 గ్రాములు దాటకూడదు. డ్రై ఐస్‌తో ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, సీసా పేలిపోతుంది.

ఈ ఒక్క ప్రయోగంతో కరిక్యులం గురించి చాలా తెలుస్తుంది. ఎంత సూక్ష్మంగా తూచే త్రాసు కావాలో చెప్పారా? ఒక గ్రాము వరకే చూపే వంటింటి త్రాసు మీద అర గ్రాము తేడా నమ్మకంగా కనిపించదు, 0.1 గ్రాము చూపేది ఉండాలి. ఏం జరుగుతుందో ముందుగా పిల్లల చేత రాయించారా, లేక జవాబు పైనే అచ్చేసి ప్రయోగాన్ని కింద పెట్టారా? ఫలితం తేడా వస్తే ఎందుకొచ్చి ఉంటుందో పెద్దవాళ్ల గైడులో ఒక్క వాక్యమైనా ఉందా? ఈ మూడో ప్రశ్నే అసలైనది. తప్పిన ప్రయోగాన్ని ఎలా విప్పి చూడాలో చెప్పని గైడు, సైన్సు చదువుకోని తల్లిదండ్రులను మధ్యలో వదిలేస్తుంది.

రెండో పరీక్షకు ప్రయోగం కూడా అక్కర్లేదు. పిల్లలు ముందే మనసులో పెట్టుకొచ్చే పొరపాటు భావాలను పాఠం పట్టించుకుందో లేదో చూడండి. సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అన్నది అలాంటిదే. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, అతి దూరంగా ఉండేది జులై మొదట్లో. ఋతువులకు కారణమైన భూమి అక్షం వంపు బొమ్మ వేసి ఊరుకునే పాఠం ఈ భావాన్ని కదిలించలేదు. పిల్లవాడు బొమ్మ బట్టీపట్టి, పాత నమ్మకాన్ని అలాగే ఉంచుకుంటాడు. ఆ తేదీలను ముందు పెట్టి, మరి ఎందుకిలా అని అడిగే పాఠమే మంచిది. చెట్టు విషయంలోనూ అంతే. దాని బరువంతా మట్టి నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ఒక విల్లో మొక్కను అయిదేళ్లు కుండీలో పెంచి తూచాడు. చెట్టు 164 పౌండ్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. ఆయన అదంతా నీళ్ల మహిమే అనుకున్నాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయనకు అందలేదు. ఈ అంకెలిచ్చి, ఆయన వాదనలో లోపం పట్టమని పిల్లల్నే అడిగే పాఠం దొరికితే వదలకండి.

ఇక ఉచితంగా దొరికేవాటి సంగతి. ఓపెన్‌సైఎడ్ అనే సైన్సు కరిక్యులం మిడిల్ స్కూల్‌కు గ్రేడుకు ఆరు చొప్పున 18 యూనిట్లు (పాఠాల విభాగాలు) ఉచితంగా ఇస్తోంది. ఆలోచన పెంచే తీరులో దానికి సాటివచ్చేవి తక్కువ. కానీ అది తరగతి గది కోసం కట్టింది. పాతిక మంది పిల్లలు తలా ఒకటి అని, వాదించుకుని, ఒక అంగీకారానికి రావడం మీదే పాఠం నడుస్తుంది. ఇంట్లో ఒక్క పిల్లవాడితో చేసినప్పుడు ఆ చర్చ రోజుల్ని దాటేస్తారు, అక్కడితో యూనిట్ చప్పబడిపోతుంది. దాటేయకండి. అమ్మో నాన్నో కూడా తన ఊహను విడిగా కాగితం మీద రాయాలి. కావాలనే ఒక మామూలు పొరపాటు వాదన పట్టుకుని, పిల్లవాడు ఆధారం చూపేదాకా దిగకూడదు. మూడు కుటుంబాలు కలిసి వారానికి ఒకసారి చర్చ పెట్టుకోగలిగితే మరీ మంచిది. ఆన్‌లైన్ పాఠ్యపుస్తకాలు ఇచ్చే సీకే-12 కూడా ఉచితమే. చదవడానికి, సాధనకు బాగుంటుంది, ప్రయోగాలు మాత్రం విడిగా చూసుకోవాలి. ఇండియా నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దించుకునేవాళ్లున్నారు. మెట్రిక్ కొలతలు, అధ్యాయం మధ్యలోనే వచ్చే కృత్యాలు వాటిలో మేలు. రాష్ట్ర ప్రమాణాలతో వాటి వరుస కలవదు కాబట్టి వాటిని తోడు పుస్తకంగానే వాడాలి. కొన్ని హోమ్‌స్కూల్ ప్రచురణలు మత దృక్పథంతో రాసినవి. భూమి వయసు, పరిణామం అధ్యాయాలు ముందుగా చదివితే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

లెక్కలతో పొంతన చూడటం చాలామంది మరిచిపోతారు. సాంద్రతకు నిష్పత్తి రావాలి, వేగం గ్రాఫుకు వాలు (స్లోప్) అర్థం కావాలి. చాలా రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రమాణాల లెక్కల్లో నిష్పత్తులు ఆరులో మొదలవుతాయి, వాలు ఎనిమిదిలో వస్తుంది. విభాగాల వారీగా చెప్పే కరిక్యులం అయితే ఆరులో జీవ, భూ శాస్త్రాలు, ఎనిమిదిలో భౌతిక, రసాయన శాస్త్రాలు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. మన పిల్లలు లెక్కల్లో ముందుంటారు కదా అని ఏడులోనే హైస్కూల్ బయాలజీ మొదలుపెట్టించేవాళ్లకు ఒక మాట: సమీకరణం సాధించడం వేరు, తాను కొలిచిన అంకెలతో గ్రాఫు గీసి, దారితప్పిన చుక్క ఎందుకొచ్చిందో చెప్పడం వేరు. రెండోదానికి ఈ మూడేళ్లే సరైన కాలం. వాటిని కుదించవద్దు.

కిట్లకన్నా పనిముట్లు కొనడం మేలు. కిట్లో రసాయనాలు ఒక్కసారికే సరిపడా వస్తాయి, ప్రయోగం తప్పితే మళ్లీ చేసే వీలుండదు. 0.1 గ్రాము త్రాసు, 100 మి.లీ. కొలజాడీ, పాదరసం లేని సెల్సియస్ థర్మామీటరు, కరెంటు, వోల్టేజి కొలిచే మల్టీమీటరు, ద్రవాలు చిందినా లోపలికి పోని కళ్లద్దాలు ఉంటే మూడేళ్ల పని చాలావరకు సాగుతుంది. మైక్రోస్కోపు మీద 1200 రెట్లు అని రాసి ఉన్న ప్లాస్టిక్ బొమ్మలకు మోసపోవద్దు. గాజు లెన్సులు, సన్నని ఫోకస్ మర, 40, 100, 400 రెట్లు చాలు. ఉల్లిపొర మీద ఒక చుక్క అయొడిన్ వేసి 100 రెట్లలో చూస్తే కణం గోడలు, కేంద్రకాలు స్పష్టంగా కనిపిస్తాయి. పొర రెండు వరసలుగా ఊడివచ్చినా, కవర్‌స్లిప్ కింద గాలి బుడగలున్నా మసకగా ఉంటుంది. నల్లటి అంచుతో గుండ్రంగా కనిపించే బుడగను చూసి పిల్లలు కణం అనుకుంటారు కూడా.

సమయం ఎంత కేటాయించాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో ఎవరికీ నివేదిక ఇవ్వనక్కర్లేదు. న్యూయార్క్‌లో మూణ్నెల్లకోసారి ఇవ్వాలి. అక్కడ 7, 8 గ్రేడులకు కలిపి సైన్సు రెండు యూనిట్లు, యూనిట్ అంటే ఏడాదికి 6,480 నిమిషాలు. 36 వారాలకు పంచితే వారానికి మూడు గంటలు. ఏ రాష్ట్రంలోనైనా ఆ మూడు గంటల లెక్క బాగానే కుదురుతుంది: గంటన్నర ఏకబిగిన ప్రయోగానికి, మిగతాది రెండు విడతలుగా చదవడానికి, రాయడానికి. ప్రయోగాన్ని నలభై నిమిషాల్లో ఇరికిస్తే మొదట నష్టపోయేది రెండోసారి కొలిచి చూసుకోవడమే.

ఆరు వారాలు గడిచాక పిల్లల నోటుబుక్కు తెరవండి. ప్రతి ప్రయోగానికీ ముందుగా రాసిన ఊహ, కనీసం మూడు కొలతలు, వాటి పక్కన గ్రాములు, సెకన్లు వంటి కొలత ప్రమాణాలు, ఊహతో కలవనప్పుడు దానికో కారణం కనిపించాలి. ఖాళీలు పూరించిన పేజీలే కనిపిస్తే కరిక్యులం మొత్తం పారేయనక్కర్లేదు. చదివే భాగం ఉంచుకుని, ప్రయోగాల భాగం ఓపెన్‌సైఎడ్‌లో అదే అంశం మీదున్న యూనిట్ నుంచి తెచ్చుకోండి. సగం ఏడాదిలో పుస్తకం మారిస్తే కొన్ని అంశాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ప్రయోగాలు మాత్రమే మారిస్తే ఆ చిక్కు రాదు.