అకాడమీ వెతికేవారు ముందు బంతులు లెక్కపెట్టాలి

వేసవి సెలవులు దగ్గరపడగానే హైదరాబాద్ శివార్లలోని టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మైదానాల ముందు ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఏదో ఒక యూరప్ క్లబ్‌ను గుర్తుచేసే రంగుల జెర్సీ, ఫ్లడ్‌లైట్ల ఫొటో, కింద ఫోన్ నంబరు. పిల్లవాడిని ఫుట్‌బాల్ అకాడమీలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు చూసేవి కూడా దాదాపు ఇవే. వీటిలో ఏ ఒక్కటీ ఆట నేర్పదు. చూడవలసినవి రెండే: పిల్లవాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగులుతోంది, నేర్పుతున్న మనిషి ఎవరు.

ఆ మధ్య మా బంధువుల అబ్బాయి కోసమని వెళ్లి, పేరున్న ఒక అకాడమీలో గంటసేపు కూర్చున్నాను. ఇరవై రెండు మంది పిల్లలు, ఒక్క కోచ్, మూలన వల సంచి నిండా బంతులు. వాడుతున్నవి మాత్రం రెండే. పిల్లలు రెండు వరుసల్లో నిలబడి, వంతు వచ్చినప్పుడు కోన్‌ల మధ్య నుంచి బంతిని తీసుకెళ్లి గోలు కొట్టి, మళ్లీ వరుస చివరికి చేరుతున్నారు. ఎర్ర బూట్ల పిల్లవాడొకడిని గుర్తుపెట్టుకుని లెక్కించాను: ఇరవై నిమిషాల్లో వాడికి వచ్చినవి ఏడు వంతులు. మిగిలిన సమయమంతా ముందున్నవాడి వీపు మీది అంకెను చూస్తూ, విప్పిన లేసునే మళ్లీ కట్టుకుంటూ గడిపాడు. గట్టు మీద కూర్చున్న వాళ్ల నాన్న మాత్రం వాడు గోలు కొట్టిన ప్రతిసారీ వీడియో తీసుకుని సంతృప్తిగా ఉన్నారు.

వసతుల కన్నా నేర్పే మనిషే ముఖ్యమన్న పాఠం హైదరాబాద్‌కు బయటివాళ్లు వచ్చి చెప్పవలసిన అవసరం లేదు. వృత్తిరీత్యా బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ నగరంలో బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం పిల్లలు ఎడమ కాలితో తంటాలు పడుతూనే రెండు కాళ్ల ఆటగాళ్లయ్యారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టి, తర్వాత భారత జట్టుకు ఆడిన తులసీదాస్ బలరామ్ శిక్షణకు రావడానికి చేతిలో డబ్బు లేకపోతే, సైకిలు అద్దె ఖర్చు రహీమే భరించారు. అప్పుడు కృత్రిమ గడ్డి లేదు, ఫ్లడ్‌లైట్లు లేవు. ఏ పిల్లవాడికి ఏమి నేర్పాలో ఎరిగిన గురువు ఒకరుండేవారు.

కాబట్టి ఫీజు కట్టే ముందు అడగవలసింది ఫ్లెక్సీ మీది హెడ్ కోచ్ గురించి కాదు. పదేళ్లలోపు బ్యాచ్‌తో రోజూ నిలబడేది ఎవరు, ఆ వ్యక్తికి కనీసం డి లైసెన్సయినా (కోచ్‌లకిచ్చే ప్రాథమిక స్థాయి అర్హత) ఉందా అన్నది అడగాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అకాడమీలకు ఇచ్చే స్టార్ రేటింగ్ పనికివచ్చేదే, కానీ అది సంస్థకు ఇచ్చినది. మీ పిల్లవాడి బ్యాచ్‌కు కాదు. గెలిచిన కప్పుల గురించీ కొంత అనుమానంగానే ఉండాలి. వయో విభాగాలను సాధారణంగా జనవరి 1 తేదీతో లెక్కిస్తారు గనుక, జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది ఎదుగుదల తేడా ఉంటుంది. కప్పు కోసమే ఆడించే కోచ్ పొడవాటివాళ్లను మైదానంలో ఉంచి, చిన్నవాడిని బెంచీ మీద కూర్చోబెడతాడు. పోయిన టోర్నమెంటులో డిసెంబరు పిల్లలు ఎన్ని నిమిషాలు ఆడారని అడిగి చూడండి. అకాడమీ స్వభావం ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

టర్ఫ్ అకాడమీలను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. వెలుతురు ఉంటుంది, ఆడపిల్లలను పంపడానికి ధైర్యంగా ఉంటుంది, వాన పడినా ఆట ఆగదు. ఒప్పుకుందాం. అయితే అవన్నీ వసతులు, శిక్షణ కాదు. పెద్ద పేరు స్థిరంగా ఉంటుందన్న భరోసా కూడా లేదు: 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి వేరే పేరు పెట్టుకుంది.

అసలు ఈ ఎంపిక మన నెత్తిన పడిందే ఆడుకునే చోటు పోయినందువల్ల. వీధి చివరి ఖాళీ స్థలం అపార్టుమెంటు అయింది, ప్రైవేటు బడి ఆవరణ బస్సుల పార్కింగ్ అయింది, ఒకనాడు ఉచితంగా దొరికిన ఆట నెలవారీ ఫీజుగా మారింది. నిజామాబాద్ జిల్లా నుంచి భారత జట్టుకు, అక్కడి నుంచి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లిన గుగులోత్ సౌమ్య లాంటి అమ్మాయిలు ఇంకా ఎందరు ఆ ఫీజు దగ్గరే ఆగిపోతున్నారో లెక్క తీసేవారు లేరు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లల కోసం క్రీడాగ్రామం నిర్మించింది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగిన పనిని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకొకటి చొప్పున ఎందుకు చేయలేవు?

కొత్త స్టేడియాలు కూడా అక్కర్లేదు. మా కాలనీ పక్కనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు రెండెకరాల మైదానం ఉంది. బడి విడిచిన అరగంటకు గేటుకు తాళం పడుతుంది. ఆ తాళంచెవిని రోజూ రెండు గంటలపాటు లైసెన్సున్న కోచ్ ఒకరి చేతికి ఇస్తే చాలు. పిల్లలను ఎక్కడి నుంచో పోగు చేయనవసరం లేదు. ఇప్పుడు కూడా ఆ గోడ బయట, ఆటోలకు దారి ఇస్తూ, రెండు ఇటుకలను గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడుతున్నది వాళ్లే.