సిగరెట్ ఫిల్టర్ గారికి బహిరంగ లేఖ

ఫిల్టర్ గారూ,

నమస్కారం. పని చేస్తున్నట్టు కనిపించడమే పనిగా పెట్టుకుని ఇన్నేళ్లు నెగ్గుకొచ్చారంటే మాటలు కాదు.

సెల్యులోజ్ అసిటేట్ పోగులతో తయారైన తమరు పొగలోని జిగట పదార్థమైన తారును కొంత ఆపుతారు, కాదనను. పీల్చేవారు ఆ గోధుమరంగు మరక చూసుకుని ‘అమ్మయ్య, ఇదంతా లోపలికి పోలేదు’ అనుకుంటారు. పోయిందేమో కనిపించదు కదా! కార్బన్ మోనాక్సైడ్‌కైతే మీరు అడ్డే కాదు.

మీ ఒంటి చుట్టూ పొడిచిన సన్నటి రంధ్రాల ఆలోచన ఎవరిదోగానీ దండం పెట్టాలి. వాటిలోంచి గాలి కలిసి పొగ పలచబడుతుంది, కొలిచే యంత్రం ‘తారు తక్కువ’ అని రాసిస్తుంది. యంత్రానికి వేళ్లూ పెదవులూ లేవు. మనిషికి ఉన్నాయి, రంధ్రాలు మూసుకుపోతాయి. పైగా నికోటిన్ చాలక మరింత లోతుగా పీలుస్తాడు. ఇలాంటి సిగరెట్లకు పెట్టిన పేరు ‘లైట్’!

అసలు ఫిల్టర్ లోపలే ఉందని మీకెవరైనా చెప్పారా? శ్వాసనాళాల గోడల మీద సీలియా అనే నూగు సెకనుకు పదిసార్ల దాకా ఊగుతూ, దుమ్ము పట్టిన కఫాన్ని గొంతువైపు నెడుతూ ఉంటుంది. మీరు వదిలిన అక్రోలిన్, హైడ్రోజన్ సయనైడ్ అనే విషాలు తగిలితే దాని ఊపు మందగిస్తుంది. ఏళ్ల తరబడి తాగితే ఆ నూగు పొట్టిదవుతుంది, కొన్నిచోట్ల అసలు కణాలే పోయి వాటి స్థానంలో నూగులేని చదును కణాలు వస్తాయి. అదే సమయంలో కఫం తయారుచేసే కణాలు పెరుగుతాయి. సరుకు పెరిగింది, మోసేవాళ్లు లేరు. ఇక దగ్గే దిక్కు.

ఇంకా లోపల, పొగను ఎదుర్కోవడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల గోడల్ని కూడా కొరికేసే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ వదులుతాయి. దానికి కళ్లెం వేసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్‌ను పొగ పనికిరాకుండా చేస్తుంది. గాలి గదుల మధ్య గోడలు తెగిపోతాయి. అవి మళ్లీ లేవవు.

పొగలో ఉండే క్యాన్సర్ కారకం బెంజోపైరిన్ ముచ్చట వేరు. దాన్ని బయటికి పంపేద్దామని మన కణం దాని రూపం మారుస్తుంది, మారిన రూపమేమో వెళ్లి డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. రోజుకో పెట్టె చొప్పున ఏడాది తాగితే ఊపిరితిత్తుల్లో ఒక్కో కణానికి సగటున 150 జన్యుమార్పులు చేరతాయని 2016లో లెక్క తేల్చారు. ఏ మార్పు క్యాన్సర్‌కు దారి తీస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు.

మానేసినవారి శ్వాసనాళాల్లో దాదాపు తాగనివారి కణాల్లాంటి కణాలు మళ్లీ పెరిగి చోటు నింపుతున్నాయని 2020లో తేలింది. ఆ రిపేరులో తమరి చెయ్యి ఏమైనా ఉందా అని వెతికాను. లేదండీ.

ఇట్లు,
మీ పక్కన నిలబడి పొగ పీల్చినవాడు