ఆ ఒక్క బేస్ స్టీల్ లేకపోతే

2004 బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు అనగానే అందరూ గాయంతోనే ఆడిన వాళ్ళ పిచర్ (బంతి విసిరేవాడు) కర్ట్ షిల్లింగ్ రక్తం అంటిన సాక్స్ గురించే చెప్తారు, ఆ జట్టు మీద మీరు రాసిన ఆర్టికల్‌లోనూ అదే, బానే ఉంది గానీ అసలు మలుపు ఫైనల్‌కి ముందు సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్‌తో నాలుగో మ్యాచ్ కదండీ. అప్పటికే వరసగా 3 ఓడారు, ఇంకొకటి ఓడితే ఇంటికే, మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క రన్ వెనక, ఎదురుగా యాంకీస్ మేటి పిచర్ మరియానో రివేరా, ఇంక మూటాముల్లె సర్దుకోవడమే అనుకున్న టైంలో రెడ్ సాక్స్ ఆటగాడు మిలార్‌కి వాక్ (4 చెడ్డ బంతులు పడితే ఊరికే దక్కే ఫస్ట్ బేస్) దొరికింది, అతని బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ని దింపారు. స్టీల్ చేస్తాడని, అంటే బంతి కొట్టకముందే రెండో బేస్‌కి ఉరుకుతాడని స్టేడియం మొత్తానికీ తెలుసు, రివేరా 3 సార్లు ఫస్ట్ బేస్‌కి విసిరి చూశాడు కూడా, అయినా మొదటి పిచ్‌కే ఉరికి వెంట్రుకవాసిలో సేఫ్!! తర్వాత సింగిల్ పడి, రాబర్ట్స్ రన్ తీసి స్కోరు సమం, 12వ ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ ఓర్టిజ్ హోమ్ రన్‌తో గెలుపు. ఆ మ్యాచ్‌తో కలిపి వరసగా 8 గెలిచి 1918 తర్వాత మొదటి టైటిల్ కొట్టారు. కార్డినల్స్‌తో ఫైనలే నాకు చప్పగా అనిపించింది, తిట్టుకోకండి 😀