ఉల్లి వాసన లేని తాడేపల్లిగూడెం కావలెను

మహారాజశ్రీ సంత ఊరు గారి సముఖమునకు,

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, ఐదో అంతస్తు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. తమరు ఏ జిల్లాలో ఉన్నా, ఏ సరుకు అమ్ముతున్నా ఈ ఉత్తరం తమకే అనుకోండి. పేరు రాయనిది మర్యాద తెలియక కాదు. ఏ పేరు రాయాలో తేలకే ఏడు నెలలుగా తిరుగుతున్నాం.

నాకు తమరి దగ్గర కాపురం పెట్టాలని ఉంది. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగం మార్చి నెలాఖరుతో అయిపోయింది. సన్మానంలో కప్పిన శాలువా బీరువాలోకి వెళ్లకముందే, "ఈ ట్రాఫిక్కులో ఇంకా ఎందుకు, హాయిగా ఏదో ఒక చిన్న ఊరెళ్లిపోదాం" అనేశాను. మా ఆవిడ గోదావరి జిల్లా మనిషి. "చిన్న ఊరంటే ఏమిటో మీకు తెలుసాండీ?" అని ఒక్కమాట అడిగి, పోపు మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయింది. దాన్ని నేను అంగీకారంగా రాసుకున్నాను.

సొంత పల్లె లేదా అంటారేమో. ఉంది, తెనాలి పక్కన. అక్కడి ఎకరం ఎనభై సెంట్లూ 1998లో అమ్మే ఈ ఫ్లాటు కొన్నాం. ఇప్పుడు వెళ్తే ఆ కొన్నవాళ్లే కాఫీ ఇచ్చి, "అదిగో, అది మీ చేనే కదండీ" అని జాలిగా చూపిస్తారు. అది నాకు పడదు. పోనీ ఇంకో పల్లె అంటే, అర్ధరాత్రి గుండె పట్టుకుంటే ఆర్ఎంపీ డాక్టరు తప్ప దిక్కుండదు. అందుకని మధ్యరకంగా చూస్తున్నాం. మందుల షాపు రాత్రి పదింటిదాకా తెరిచి ఉండాలి. కూరగాయలు పొద్దున్నే చేలోంచి రావాలి. రైలు ఆగాలి. సాయంత్రం నడకకు బయల్దేరితే నలుగురు పలకరించాలి, ఐదోవాడు పలకరించకూడదు. ఇన్నీ ఉన్నది తమరి దగ్గరే.

తమ వంశంలో నాకు మొదట నచ్చినవి పేర్లు. సంతబొమ్మాళి, సంతకవిటి, సంతమాగులూరు, సంతనూతలపాడు వృత్తిని ఇంటిపేరులా ముందే పెట్టుకున్నాయి. సూర్యాపేట, నరసరావుపేట, చిలకలూరిపేట బజారు సంగతి తోకలో చెబుతాయి. కర్నూల్లో అయితే బుధవారపేటే ఉంది. మా వైపు వెంచర్ల పేర్లలో గ్రీన్ ఉంటుంది, వ్యాలీ ఉంటుంది, మెడోస్ ఉంటుంది, గడ్డిపోచ ఉండదు.

అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగక పారే ఏరు, ద్విజుడు ఉన్న ఊళ్లోనే ఉండు, లేని ఊళ్లో అడుగు పెట్టకు అని చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టించారు కదా. ఊరు ఎంచుకోడానికి నాలుగు పాదాల పద్యం చాలునని మన పెద్దల నమ్మకం. నాకు చాల్లేదు. ఎక్సెల్ షీటు తెరిచాను. నలభై ఒక్క కాలమ్‌లు వచ్చాయి. అప్పిచ్చేవాడికి లోటు లేదు. మెయిన్ రోడ్డు మీద కిళ్లీకొట్టుకీ కిళ్లీకొట్టుకీ మధ్య బంగారం తాకట్టు ఆఫీసే. ఆ కాలమ్ తీసేశాను. వైద్యుడి కాలమ్‌ని డల్లాస్ నుంచి మా అమ్మాయి మూడుగా చీల్చింది. "నాన్నా, స్టెంటు వేసే చోటికి ఎన్ని నిమిషాలు? కిలోమీటర్లు రాయకు, నిమిషాలు రాయి" అంది. ఏరు దగ్గర కాలువ అని రాసుకుంటే, వేసవిలో కాలవలు కట్టేస్తారని మా ఆవిడ గుర్తుచేసింది. 'ఎడతెగక' అన్నచోట అర మార్కు కోశాను. నాలుగోవారిని యూట్యూబ్‌లో చూసుకుంటున్నాం.

మొదటి చూపులు తాడేపల్లిగూడెం. హౌరా–చెన్నై లైను మీద స్టేషను, 2015 నుంచి ఎన్ఐటీ, ఉల్లిపాయల హోల్‌సేల్‌కి పెద్ద పేరు. ఊరి నాడి తెలుస్తుందని మార్కెట్టుకి దగ్గర్లో లాడ్జి కావాలని నేనే అడిగి మరీ దిగాను. తెల్లవారుజామున మూడింటికి తెలిసింది. వెనక్కొచ్చే లారీ పాడే పాట, డాలా గొలుసు ఊడదీసిన చప్పుడు, బస్తా నేలకి తగిలినప్పుడల్లా ఒక "హుప్". కిటికీ సందులోంచి పచ్చి ఉల్లి ఘాటు, దాని అడుగున ఎక్కడో మగ్గిపోయిన పాయ తాలూకు తియ్యటి కంపు. తెర తొలగించి చూశాను. లైటు స్తంభం కింద బస్తాలు మోసే ముఠా కూలీ ఒకతను ఇనప కొక్కెం భుజానికి తగిలించుకుని టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. అతని జుట్టు నిండా ఉల్లిపొట్టు, ఆ వెలుతురులో గులాబీ రేకుల్లా ఉంది. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ తీశాను. ఎనభై ఒకటి. మా ఆవిడ గోడవైపు తిరిగి గాఢనిద్రలో ఉంది. హైదరాబాదులో ఫ్యాను కిర్రుమంటే లేచి కూర్చునే మనిషి.

కిందికి దిగి కౌంటర్లో కుర్రాణ్ణి నిలదీశాను. "ఏమిటయ్యా ఈ వేళప్పుడు గోల?"

"గోల కాదండీ, సరుకండీ," అన్నాడు కళ్లు నులుముకుంటూ. "సరుకు రానిరోజే గోలండీ."

విమానాశ్రయం ఎంత దూరమన్నది నా షీటులో పదిహేడో కాలమ్. పొద్దున టీకొట్టు దగ్గర అడిగితే, "మన ఊళ్లోనే ఉందండీ రన్‌వే, రెండో ప్రపంచ యుద్ధం నాటిది" అన్నారు. "విమానాలు?" అన్నాను. "అప్పట్లో వచ్చేవటండీ" అన్నారు. ఈ జవాబుకి ఎన్ని మార్కులు వెయ్యాలో ఇప్పటికీ తెలియదు. టీ అయ్యేలోగా వాళ్లూ నన్ను అడిగారు. "మనదేవూరండీ?" మొదటి ప్రశ్న. "ఇంటిపేరేంటండీ?" రెండోది. "అయితే ఫలానావారు మీకేమవుతారండీ?" మూడోది. ఈ మూడింటితో నా కులం, గోత్రం, ఇంచుమించుగా నా పెన్షనూ తేలిపోయాయి. నలభై ఒక్క కాలమ్‌లతో వాళ్ల ఊరి గురించి నాకు తేలింది దానిలో సగం కూడా లేదు.

అనకాపల్లి బెల్లం ఊరు. నాకు ఈగలు కనిపించాయి, మా ఆవిడకి దిమ్మలు కనిపించాయి. నేను తెల్లగా మెరిసే దిమ్మ చూపిస్తే కొట్టాయన నవ్వి, "అది హైడ్రోస్ మందు వేసి తెప్పించిన తెలుపు సార్, మీలాంటివారు అడుగుతారనే వేస్తారు. తినేదైతే ఆ నల్లది తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాం. దారిపొడవునా ఆ మాట గుచ్చుతూనే ఉంది. నేను ఊరిని కూడా హైడ్రోస్ వేసి అడుగుతున్నట్టే కదా.

దుగ్గిరాల పసుపు యార్డులోంచి బయటికొచ్చేసరికి నా తెల్ల చొక్కా మంగళస్నానానికి కూర్చోబెట్టిన పెళ్లికొడుకు చొక్కాలా తయారైంది. రావులపాలెంలో అరటిగెలలు మోసుకొచ్చే సైకిళ్లు భలే ఉన్నాయి, ఫోటో తీశాను. వెనక హారన్ కొట్టింది కూడా అలాంటి సైకిలేనని తర్వాత తెలిసింది. మోకాలు ఇప్పుడు బాగానే ఉంది.

చీరాలలో ఇంటి పన్ను ఎంతని అడిగాను. అడక్కూడని ఊళ్లో అడక్కూడని ప్రశ్న. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను పెంచారని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వేలమంది ఇళ్లు వదిలేసి, ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఊరు మారడమంటే అదీ. వాళ్లకి ఎక్సెల్ షీటు లేదు, ఉంటే చలికాలం పాకల్లో ఎన్ని డిగ్రీలుంటుందో చూసుకుని ఆగిపోయేవారేమో.

మదనపల్లె దగ్గర మాత్రం మనసు జారింది. రెండు వేల అడుగులకి పైన ఊరు, సాయంత్రానికి చల్లగాలి. జనగణమనకి రవీంద్రుడు 1919లో ఇంగ్లీషు అనువాదం రాసుకున్నది ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే. సంస్కృతి కాలమ్‌లో పదికి పది వేసి, టమాటా మార్కెట్టు చూద్దామని వెళ్లాను. మండీల ముందు ట్రేలు ఎర్రగా, అంతస్తులు అంతస్తులుగా. ఆవేళ వేలంపాటలో రేటు పడిపోయింది. ఒక రైతు తెచ్చిన బండిలో సగం దింపాక, మిగతా సగం దింపితే కూలి కూడా రాదని లెక్కేసుకుని, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. గేటు బయట మలుపులో రోడ్డు మీద టమాటాలు పోసి ఉన్నాయి, ఆవులు కూడా తిని తిని మొహంమొత్తి నిలబడ్డాయి. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు మా రైతుబజారులో "రైతులు దోచేస్తున్నారు" అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నా కోరిక ఏమిటంటే, రేటు పెరిగిన రోజున నేను తమరి దగ్గర ఉండాలి, రేటు పడిన రోజున హైదరాబాదులో ఉండాలి. ఆ మేరకు ఏదైనా రైలు సౌకర్యం కల్పించగలరా?

మిగతా మనవులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. తమరి బజారు అంటే మాకు ప్రాణం. అది పొద్దున పదింటికి మొదలై ఐదింటికి ముగిస్తే ఇంకా ప్రాణం. లారీలు ఊరి బయట ఆగి, సరుకు నిశ్శబ్దంగా నడిచి రావాలి. మిరపకాయ ఉండొచ్చు, ఘాటు ఉండకూడదు. పశువులు ఉండొచ్చు, పేడ వేయకూడదు. 2016లో ఇ-నామ్ అనే సర్కారువారి ఆన్‌లైన్ మార్కెట్టు వచ్చాక కొన్ని యార్డుల్లో పాట కంప్యూటర్లోనే పాడుతున్నారట. సంతోషం, అలాగే సరుకు కూడా కంప్యూటర్లోనే వచ్చి వెళ్తే మా వీధికి దుమ్ము రాదు. హమాలీల మాటలు కొంచెం మోటుగా ఉన్నాయి, కానీ యాస బావుంది. యాస ఉంచి మాటలు తీసేయించండి.

ఇవన్నీ ఇప్పుడే కుదరకపోయినా కంగారు లేదు. మాలాంటివాళ్లం ఓ యాభై కుటుంబాలు దిగామంటే మేమే చూసుకుంటాం. ముందు గజం రేటు పెరుగుతుంది, కాటా మనిషి ఇల్లు ఖాళీ చేస్తాడు. తర్వాత సంక్షేమ సంఘం పెడతాం, వాట్సాప్ గ్రూపు పెడతాం, యార్డుని ఊరి బయటికి పంపించమని కలెక్టరుగారికి అర్జీ పెడతాం. మాకు అనుభవం ఉంది. మా హైదరాబాదులో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుని అలాగే ఊరవతల బాటసింగారం పంపించారు, ఆ స్థలంలో పెద్దాస్పత్రి కట్టడం మొదలుపెట్టారు. వైద్యుడి కాలమ్ నిండింది. ఎండాకాలం వస్తే మాత్రం ఆ వీధిలో మామిడిపండ్ల వాసన రావట్లేదని బాధపడేవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

ఆఖరి చూపులు పెబ్బేరు. బెంగళూరు హైవే మీద, వనపర్తి జిల్లా, శనివారం పశువుల సంత. అక్కడ సంత అంటే నవ్వి, అంగడి అనాలని దిద్దారు. దుమ్ములో ఎద్దులు, కొమ్ములకి రంగులు, తాళ్లు, గజ్జెలు. ఇద్దరు మధ్యవర్తులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైన తువ్వాల కప్పుకున్నారు. బేరమంతా ఆ గుడ్డ కింద వేళ్లతోనే. పక్కన నిలబడ్డవాడికి కూడా ధర తెలియదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వాళ్లలో పెద్దాయన నన్ను గమనించాడు.

"ఏం సారూ, ఎద్దుల కోసమొచ్చినవా?"

"లేదు, ఊరు చూడటానికి. ఇక్కడ ఉందామని."

"శనివారమొస్తే అంగడే గనబడ్తది సారూ. ఊరు గావాల్నంటే రేపు రా, పేడ ఎత్తినంక."

అంటూనే చేతిలో ఉన్న కోడె మూతి పట్టి పైకెత్తి, పెదవి తెరిచి పళ్లు చూశాడు. "నాలుగు పండ్లది" అన్నాడు. ఏ ఊరిదో, ఎవరు మేపారో, ఎన్నాళ్లు పనికొస్తుందో ఆ ఒక్క చూపులో చెప్పేశాడు. తర్వాత తల తిప్పి నా మొహంకేసి, నా నడుముకేసి, నా తెల్ల బూట్లకేసి తీరిగ్గా చూశాడు. పక్కాయనతో మళ్లీ తువ్వాల కింద చెయ్యి కలిపాడు. వేళ్లు కదిలాయి. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎంతకు పాడారో నాకు చెప్పలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
రెండు రూట్‌కెనాళ్లు, ఒక క్యాపు కలిగిన
తమ కాబోయే స్థానికుడు

తా.క.: ఇది పోస్టు చేసేలోగా మా ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేసి వచ్చింది. మార్కెట్టుకి మూడు వీధుల దూరం. "అక్కడ నాకు నిద్ర పడుతుందండీ" అంటోంది. చెవుల్లో పెట్టుకునే దూది ఆ ఊళ్లో హోల్‌సేల్‌గా దొరుకుతుందేమో కనుక్కుని, తిరుగు టపాలో తెలియజేయగలరు.