7-14 అంటే కథ ముగిసినట్టేనా?

ఏప్రిల్ నెలాఖరు వస్తే చాలు, అమెరికాలో చదువుకునే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. కాలేజీ బేస్‌బాల్‌లో మే నెల ఉత్త లాంఛనమేనట. అప్పటికి కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల్లో, అంటే తమ యూనివర్సిటీల కూటమి లోపల ఆడే మ్యాచ్‌ల్లో, సగం కూడా గెలవని జట్టు ఇంటికి వెళ్ళినట్టేనట. అదృష్టం కొద్దీ జాతీయ టోర్నమెంట్‌లో చోటు దొరికినా, ఏప్రిల్‌లో ఆడినట్టే జూన్‌లోనూ ఆడి మూటాముల్లె సర్దుకుంటుందట. కప్పు ఎలాగూ నంబర్ వన్ జట్టుదే కాబట్టి ఇక మిగిలిన పనల్లా కోచ్‌ని మార్చడమేనట.

మిసిసిపీలో ఉన్న రోజుల్లో ఇలాంటి మెసేజ్ నేను కూడా నలుగురికి పంపాను. అందుకే జవాబు చెప్పే బాధ్యత కొంత నాకూ ఉంది.

ముందు లెక్క తెలియాలి. మెసేజ్ ఎక్కువగా తిరిగేది ఎస్‌ఈసీ జట్ల గురించి, అంటే అమెరికా దక్షిణాది పెద్ద యూనివర్సిటీల కాన్ఫరెన్స్ గురించి. ఒక్కో జట్టు సీజన్‌లో 56 మ్యాచ్‌ల దాకా ఆడుతుంది. అందులో 30 కాన్ఫరెన్స్‌వి. పది వారాంతాలు, వారానికో ప్రత్యర్థి, శుక్ర, శని, ఆదివారాల్లో మూడు మ్యాచ్‌లు. ఏప్రిల్ దాటేసరికి ఏడు వారాంతాలు అయిపోయి ఇంకా తొమ్మిది మ్యాచ్‌లు మిగులుతాయి. ఆ తొమ్మిదీ దండగ అన్నదే అసలు వాదన.

సగం గెలవకపోతే చోటు లేదన్న మాట తీసుకుందాం. 2022లో ఓల్ మిస్, అంటే యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ జట్టు, మార్చిలో దేశంలోనే నంబర్ వన్. అప్పుడు టెనసీ వాళ్ళు దాని సొంతూరు ఆక్స్‌ఫర్డ్‌కి వచ్చి మూడు మ్యాచ్‌లూ ఊడ్చుకుపోయారు. అక్కణ్ణించి జారుడు బండే. మే మొదటి తేదీకి కాన్ఫరెన్స్‌లో 7 గెలుపులు, 14 ఓటములు. మెసేజ్ ప్రకారం శవయాత్రకి ఏర్పాట్లు చేసుకోవలసిన జట్టు. కానీ మిస్సోరి మీద మూడూ గెలిచింది. బేటన్ రూజ్ వెళ్ళి అక్కడి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద మూడూ గెలిచింది. చివర్లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ చేతిలో రెండు ఓడి ఒకటి గెలిచింది. మొత్తం 14-16. గమనించండి, అప్పటికీ సగం దాటలేదు. అయినా 64 జట్ల టోర్నమెంట్‌లోకి అందరికన్నా చివరగా పేరు ఎక్కించుకుంది.

ఎలా ఎక్కింది? సెలక్షన్ కమిటీ కాన్ఫరెన్స్ పట్టిక ఒక్కటే చూడదు. దాని ముందు ఆర్‌పీఐ అనే అంకె ఉంటుంది. అందులో మీ జట్టు గెలుపు శాతానికి పావు వాటా. మీతో ఆడినవాళ్ళు మిగతా వాళ్ళ మీద ఎంత గెలిచారన్నదానికి సగం. వాళ్ళతో ఆడినవాళ్ళ రికార్డుకి ఇంకో పావు. పైగా పరాయి మైదానంలో గెలుపు 1.3గా, సొంత మైదానంలో గెలుపు 0.7గా లెక్క. కాబట్టి గట్టి కాన్ఫరెన్స్‌లో 14 గెలిచినవాడూ, బలహీనమైన చోట 14 గెలిచినవాడూ ఒకటి కాదు. బేటన్ రూజ్‌లో ఆ మూడు రోజులు ఎంత విలువైనవో పట్టికలో కనపడదు, ఈ అంకెలో కనపడుతుంది.

ఒక్క ఓల్ మిస్సే కాదు. 2024లో ఎల్‌ఎస్‌యూ, అదీ ముందటేడు జాతీయ కప్పు గెలిచిన జట్టు, ఐదు వారాంతాలకి 3-12. ఆ దశలో నేను పిల్లల ముందు కూడా ఆ జట్టు పేరు ఎత్తలేదు. వాళ్ళు 13-17తో ముగించి టోర్నమెంట్‌కి వెళ్ళారు. చాపెల్ హిల్‌లో నార్త్ కరోలైనా చేతిలో, అదీ తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగియాల్సిన ఆటని పదో ఇన్నింగ్స్ దాకా లాగి, ఒక్క పరుగుతో ఓడారు. ఐపీఎల్ చూసేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. అదే 2024లో బెంగళూరు మొదటి ఎనిమిదిలో ఒకటే గెలిచి, తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి చేరింది కదా.

అయితే మెసేజ్‌లో నిజం బొత్తిగా లేదనను. ఎంత దయగల కమిటీకైనా ఒక హద్దుంటుంది. 2021లో జాతీయ కప్పు ఎత్తిన మిసిసిపీ స్టేట్ మరుసటేడే 9-21తో ముగించింది. టోర్నమెంట్ సంగతి దేవుడెరుగు, మొత్తం సీజన్‌లోనే గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ, 26-30. నా మట్టుకు నేను వేసుకునే లెక్క ఇది: ఎస్‌ఈసీలో 13 దగ్గర ఆశ, 12 దగ్గర టెన్షన్, 9 దగ్గర నమస్కారం. అంటే 7-14 ఉన్న జట్టుకి మిగిలిన తొమ్మిదిలో ఆరు కావాలి. కష్టమే. కానీ కష్టం వేరు, అయిపోవడం వేరు.

ఇక ఏప్రిల్ ఆటే జూన్ ఆట అన్న మాట. నన్నడిగితే ఇందులో ఉన్నన్ని తప్పులు మిగతా వాటిలో లేవు. క్రికెట్‌లో బౌలర్ వరసగా మూడు రోజులు వేయగలడు. బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే బంతి వేసేవాడు, మామూలుగా వారానికి ఒక్కసారే దిగుతాడు. కాబట్టి శుక్రవారం ఎవరు, శనివారం ఎవరు, ఆదివారం ఎవరు అన్న మూడు పేర్ల మీదే జట్టు నిలబడుతుంది. ఆ మూడింటిలో రెండు మారాయంటే, జెర్సీ అదే అయినా జట్టు అది కాదు. మొదటి పిచర్ ఆరేడు ఇన్నింగ్స్ లాగితే వెనకున్న వాళ్ళ చేతులు ఆదివారానికి మిగులుతాయి. మూడో ఇన్నింగ్స్‌కే చేతులెత్తేస్తే ఆ వారాంతం మొత్తం పోతుంది.

2022లో ఓల్ మిస్‌లో జరిగింది అచ్చంగా ఇదే. సీజన్ మొదట్లో మధ్యలో వచ్చి కాసేపు వేసి పోయే డిలన్ డిలూషియా శుక్రవారం పిచర్ అయ్యాడు. మొదటి సంవత్సరం కుర్రాడు హంటర్ ఎలియట్ ఇంకో రోజు తీసుకున్నాడు. ఆ తర్వాత జూన్ చూడండి. టోర్నమెంట్ మొదటి దశలో, నాలుగు జట్ల గ్రూపులో, కోరల్ గేబుల్స్‌లో మూడు ఆడి మూడూ గెలిచారు. ఆఖరుది అరిజోనా మీద 22-6. రెండుసార్లు ఓడితే గానీ బయటకి పోని ఆ పద్ధతిలో ఓడకుండా పోవడం అంటే గెలుపు ఒక్కటే కాదు. ఆడాల్సిన మ్యాచ్‌లు తగ్గుతాయి, పిచర్లు మిగులుతారు. రెండో దశలో హాటీస్‌బర్గ్‌లో సదరన్ మిస్ మీద 10-0, 5-0. వాళ్ళ ఊళ్ళోనే వాళ్ళకి రెండు మ్యాచ్‌ల్లో ఒక్క పరుగు ఇవ్వలేదు!

ఆఖరి ఎనిమిది జట్లు ఆడే ఒమాహాలో ఆర్కాన్సా మీద తేల్చుకోవలసిన రోజు డిలూషియా తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే వేశాడు. ఇచ్చింది నాలుగు హిట్లు, సున్నా పరుగులు. జట్టు గెలిచింది 2-0తో. ఫైనల్లో ఓక్లహోమా మీద 10-3, 4-2, కప్పు వాళ్ళదే. టోర్నమెంట్ మొత్తంలో పది గెలుపులు, ఒక్క ఓటమి. ఏప్రిల్ ఆటే జూన్ ఆట అయితే ఈ లెక్క ఎక్కడిది?

నంబర్ వన్‌దే కప్పు అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1999లో మయామి నంబర్ వన్ సీడ్‌గా వచ్చి గెలిచింది. మళ్ళీ ఆ పని 2024లో టెనసీ చేసేదాకా ఎవరివల్లా కాలేదు. 57-9తో భయపెట్టిన 2022 టెనసీ అయితే సొంతూరు నాక్స్‌విల్‌లోనే నోటర్ డేమ్ చేతిలో ఓడి ఒమాహా మొహమే చూడలేదు. 2025లో నంబర్ వన్ వాండర్‌బిల్ట్ మొదటి వారాంతమే దాటలేదు.

జాతీయ టోర్నమెంట్‌కి ముందు హూవర్‌లో జరిగే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఓడితే అంతే అన్న మాటా ఆ మెసేజ్‌కి తోకలా వస్తుంటుంది. 2022లో ఓల్ మిస్ అక్కడ మొదటి మ్యాచ్‌లోనే వాండర్‌బిల్ట్ చేతిలో 3-1తో ఓడి బస్సెక్కింది. చిన్న కాన్ఫరెన్స్‌ల సంగతి మాత్రం వేరు. అక్కడ ఆ టోర్నమెంట్ గెలిస్తేనే చాలామందికి గుమ్మం తెరుచుకుంటుంది. 2008లో ఫ్రెస్నో స్టేట్ అలాగే లోపలికి వచ్చి, నాలుగు జట్ల గ్రూపులో నాలుగో సీడ్‌గా మొదలుపెట్టి, 31 ఓటములతో ఏడాది ముగిస్తూ కప్పు పట్టుకెళ్ళింది.

కోచ్ సంగతి దగ్గర నేను మెసేజ్ రాసినవాళ్ళనీ, వాళ్ళని తిట్టినవాళ్ళనీ ఇద్దర్నీ ఒప్పుకోను. 2001 నుంచి ఓల్ మిస్ కోచ్‌గా ఉన్న మైక్ బియాంకోని 2022లో తీసేయమని అభిమానులు గొంతు చించుకున్నారు. తీసేయలేదు, కప్పు వచ్చింది. చూశారా, ఓపిక పట్టాలి అన్నారు అందరూ. 2025కి వద్దాం. ఏప్రిల్ 28న మిసిసిపీ స్టేట్ తమకు 2021 కప్పు తెచ్చిపెట్టిన క్రిస్ లెమోనిస్‌ని సీజన్ మధ్యలోనే తీసేసింది. అప్పటికి కాన్ఫరెన్స్‌లో ఆ జట్టు రికార్డు? సరిగ్గా 7-14. తాత్కాలికంగా జస్టిన్ పార్కర్ చేతికి అప్పగిస్తే, మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది గెలిచి 15-15తో టోర్నమెంట్‌కి వెళ్ళింది. ఒకచోట కోచ్‌ని ఉంచారు, లేచింది. ఇంకోచోట పంపించారు, అదీ లేచింది. ఇందులో కోచ్ పాఠం ఏముందో నాకైతే కనపడలేదు.

రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది ఇంకొకటి. మిగిలిన మూడు వారాంతాల్లో ఒకటి మిస్సోరితో. రెండేళ్ళూ ఆ జట్టు పట్టికలో అడుగు వరసల్లోనే ఉంది. ఏప్రిల్ నెలాఖరున నేను ఇప్పుడు మొదట చూసేది ఆడేసిన 21 మ్యాచ్‌లని కాదు. మిగిలినవి ఎవరితో, ఎక్కడ, ఆ శుక్రవారం బంతి ఎవరి చేతిలో, అని.

అదీ అన్నిసార్లూ పనిచేయదు లెండి. 2025 సీజన్ మొదలయ్యే ముందు దేశంలో నంబర్ వన్ టెక్సస్ ఏ అండ్ ఎమ్. మేలో కింద మీద పడుతూ టోర్నమెంట్ అంచున ఉన్న ఆ జట్టు దగ్గరికి, కాన్ఫరెన్స్‌లో 24 ఆడి 24 ఓడిన మిస్సోరి వచ్చింది. మూడు గెలుపులు వేసేసుకోవచ్చని అందరూ అనుకున్నారు. మిస్సోరి మూడూ గెలిచింది. ఏ అండ్ ఎమ్ 11-19తో ఇంట్లో కూర్చుంది. మరుసటి వారాంతం అదే మిస్సోరి మిసిసిపీ స్టేట్‌తో ఆడి మూడూ ఓడింది.