పాలిస్టర్ దారం రీలు గారికి ఒక దర్జీ విన్నపం

నల్గొండ.

మహారాజశ్రీ నల్ల పాలిస్టర్ దారం రీలు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, బడిపిల్లల నిక్కర్లకూ పెళ్లి జాకెట్లకూ ధాన్యం సంచులకూ పక్షపాతం లేకుండా తమరు చేస్తున్న సేవను నేనెన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. తెగరు, వెలిసిపోరు, పైగా చవక. ఇన్ని సుగుణాలున్నవారు ఒక్కచోట ఆగుతారా? తమరు అగ్నిమాపక దళంలో కూడా చేరారనీ, ఫైర్‌మన్‌తో పాటు మంటల్లోకి వెళ్లి వస్తున్నారనీ నాకే ఆలస్యంగా తెలిసింది.

తెలిసిన వైనం ఇది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలు కోల్పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకునే వారం అది. ఆ వారంలో పెద్దల ఎదుట చిరుగుల కోటుతో నిలబడటం మర్యాద కాదు కనుక, ఒక స్టేషన్ నుంచి ఒక రక్షణ కోటును నా కొట్టుకు పంపి, ‘కనబడకుండా కుట్టండి’ అన్నారు. మోచేతి దగ్గర తమరి పాత మాసిక ఒకటి అప్పటికే ఉంది. దూరం నుంచి ముచ్చటైన పనితనమే. వేలితో తడిమితే మాత్రం కుట్టు వరుసలో సగం మేర దారం లేదు. దారం ఉండవలసిన చోట ఆవగింజలంత నల్లని పూసలు గట్టిపడి ఉన్నాయి. ఆ పూసలు తమరే.

సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోవడం తమరి జన్మలక్షణం. గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే వేళ కప్పు కింద వేడి 500 డిగ్రీలు దాటుతుంది. కోటు గుడ్డ నోమెక్స్ వంటి అరమిడ్ నారతో, అంటే వేడిని ఓర్చుకునే కృత్రిమ నారతో, నేసినది. అది కరగదు, మరీ వేడెక్కితే మాడి బొగ్గవుతుంది. దానిని అదే జాతి దారంతో కుట్టాలనే నియమం అందుకే పుట్టింది. గుడ్డ నిలిచి తమరు కరిగిన క్షణంలో కుట్టు విచ్చుకుంటుంది. చిరుగు కనబడితే జాగ్రత్తపడవలసిన మనిషి, చిరుగు లేదన్న ధీమాతో ఆ చేతినే మంట వైపు చాచి ఉంటాడు.

పై గుడ్డతో తృప్తిపడినా కొంత నయమే. తమరు లోపలిదాకా చొరబడ్డారు. ఆ కోటుకు మూడు పొరలు: మంటనూ రాపిడినీ ఓర్చుకునే పై పొర, నీళ్లను ఆపి చెమట ఆవిరిని బయటికి వదిలే పలుచని మధ్య పొర, వేడిని నిలవరించే లోపలి పొర. తిరగేసి చూస్తే మాసిక కుట్టు మూడింటినీ గుచ్చుకుంటూ అవతలికి తేలింది. రొమ్ము మీద పేరు బిళ్లను కూడా ఎవరో అంతే శ్రద్ధగా బిగించారు. మధ్య పొరలో సూదిపోటు పడితే పైపు నీళ్లూ రసాయనాలూ దారి కనిపెడతాయి; లోపలి పొరలో గాలి ఉండవలసిన చోట నీరు చేరితే వేడి చర్మాన్ని త్వరగా చేరుతుంది. ఆ రంధ్రాన్ని తయారీదారులో, ఆ పనిలో శిక్షణ పొందినవారో ప్రత్యేకమైన పట్టీతో వేడి మీద అతికి, నీటి ఒత్తిడి పెట్టి కారడం లేదని నిర్ధారించుకోవాలి. నా కొట్లో ఉన్న పరీక్షా యంత్రమల్లా ఒక నిలువుటద్దం. అది చొక్కా నచ్చిందో లేదో మాత్రమే చెబుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న పెద్దలు ఈ కోటును చూడకుండానే అన్నారు.

కోటును పాడుచేయడంలో తమరి అన్నదమ్ములనూ ఈ సందర్భంగా స్మరించుకోవాలి. మసి వదలలేదని పోసే బ్లీచింగ్ ద్రావణం నార బలాన్ని తినేస్తుంది. ఎండకు కూడా అరమిడ్ నార సత్తువ కోల్పోతుంది కనుక కోటును నీడలో, గాలికి ఆరబెట్టాలి. వేసవిలో 45 డిగ్రీలను తాకే ఈ ఊళ్లో నీడ ఎక్కడిదని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఉతికే నీళ్లు 40 డిగ్రీలు మించరాదని కూడా అంటారు. మే నెల మధ్యాహ్నం మా డాబా మీది ట్యాంకు ఆ నియమాన్ని పొయ్యి అవసరం లేకుండానే ఉల్లంఘించేలా ఉంటుంది.

ఇక మసి. పత్తి మిల్లులోనో, చౌటుప్పల్ వైపు రసాయన పరిశ్రమలోనో మంటలార్పి వచ్చిన కోటు మీది నలుపును వీరతిలకంగా భావించేవారున్నారు. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చిన తర్వాత కూడా ఆ తిలకం చెరగలేదు. ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి ఉతకడం కన్నా ఉతకకుండా దర్జీకి ఇవ్వడమే మేలనుకున్నారేమో, కోటును తెచ్చి నా బల్ల మీద ఆరో తరగతి యూనిఫాం పక్కనే దించారు. ముందు శుభ్రం చేయాలి, ఆ తర్వాత పొరలు విడదీసి చూడాలి, ఆ తర్వాతే సూది పట్టాలి. మసి తీయకుండా చిరుగెంతో ఎవరికి తెలుస్తుంది?

తెచ్చిన పెద్దమనిషిని ఇదే అడిగాను. కొత్తది కొనడానికి పద్దు ఉంటుందట. ఉతికించడానికీ బాగు చేయించడానికీ ఉండదట. పది ఇరవై రూపాయలకు దొరికే తమరికి ఇంత పెద్ద కొలువు ఎలా దక్కిందో అప్పుడు అర్థమైంది. కోటు వయసు చూద్దామంటే లోపలి చీటీ మీద అక్షరాలు వెలిసిపోయాయి. తయారైన నాటి నుంచి పదేళ్లు నిండితే పైకి ఎంత బాగున్నా పక్కన పెట్టమంటుంది అగ్నిమాపక దుస్తుల సంరక్షణకు ఎన్‌ఎఫ్‌పీఏ అనే అమెరికా సంస్థ పెట్టిన ప్రమాణం. పుట్టిన సంవత్సరం తెలియనివారికి పదవీ విరమణ ఎవరు చేయించగలరు?

దారం సంగతి ఎరగని చోట ఇదంతా జరిగితే సరిపెట్టుకోవచ్చు. రంగులద్దే ముందు నూలు పోగులకు చిటికి ముళ్లు కట్టే పోచంపల్లి పక్కనే ఉంది. నూలు చీరకు పట్టు అంచు కలిపే గద్వాల కూడా మరీ దూరం కాదు. ఏ పోగు ఎక్కడ పనికివస్తుందో నేత ఇంటి పసివాడు కూడా చెప్పే సీమలో, మంటల్లోకి వెళ్లే మనిషి మోచేతికి మాత్రం ఏ పోగైనా ఒకటేనని తమరు నమ్మించగలిగారు.

కావున కోటును కుట్టకుండానే, సంచిలో మూతి కట్టి తిప్పి పంపుతున్నాను. దానికి జతచేసిన చీటీ నకలు తమరి అవగాహన కోసం:

‘మోచేతి మాసిక, రొమ్ము మీది బిళ్ల విప్పవలెను. కోటు ఉతికించిన పిదప మధ్య పొరను నీటితో పరీక్షింపజేయవలెను. పై పొరను అరమిడ్ దారంతో, అది తెలిసినవారిచేత మాత్రమే కుట్టించవలెను. అంతవరకు దీనిని మంటల వద్దకు తీసుకుపోరాదు. వారోత్సవాలలో ప్రదర్శనకు అభ్యంతరం లేదు. కూలి: లేదు.’

ఇట్లు,
తమరిని సొరుగులో పెట్టి తాళం వేసిన
దర్జీ